పిల్లలకు మొదటి గాలం: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

సంక్రాంతి సెలవులకు పిల్లల్ని అమ్మమ్మగారి ఊరో, నాయనమ్మగారి ఊరో తీసుకెళ్లే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. గుడివాడ వైపు, అవనిగడ్డ వైపు, కైకలూరు వైపు ఏ ఊరికి వెళ్లినా ఒక కాలువ ఉంటుంది, ఒక చెరువు ఉంటుంది, గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న బాబాయో తాతయ్యో ఉంటారు. నాలుగు రోజులు ఆయన పక్కన కూర్చున్న పిల్లవాడు విజయవాడ తిరిగి వచ్చాక అడిగే మాట ఒకటే: "నాన్నా, నాకూ గాలం కొనిపెట్టవా?"

ఈ ప్రశ్న వినగానే కొందరు తల్లిదండ్రులు నీళ్ల భయంతో అక్కడికక్కడే వద్దనేస్తారు. ఇంకొందరు ఆ రాత్రే ఆన్‌లైన్‌లో వెతికి, అన్నిటికన్నా ఖరీదైన సెట్టు ఆర్డరు పెట్టేస్తారు. వద్దంటే పిల్లలు మనకు చెప్పకుండా కాలువకు వెళ్లే ప్రమాదం ఉంది. ఖరీదైనది కొంటే, దాన్ని వాడటం చేతకాక రెండు ఆదివారాల్లో విసుగొచ్చి అది బీరువా వెనక్కి చేరుతుంది. ఈ రెండూ కాకుండా, తక్కువ ఖర్చుతో, పెద్దల కళ్ల ముందు, సరైన సామానుతో మొదలుపెట్టే దారి ఒకటి ఉంది. ఈ నెల వ్యాసం దాని గురించే.

ముందు చేప, తర్వాత గాలం

ఏ గాలం కొనాలో తేలాలంటే మన నీళ్లలో ఏ చేపలు ఉన్నాయో తెలియాలి. ఆన్‌లైన్‌లో "కార్ప్ ఫిషింగ్ సెట్" అని వెతికితే వచ్చేవి చాలావరకు బ్రిటన్, యూరప్ అలవాట్లకు తయారైన సామాను. బ్రిటన్‌లో సాల్మన్, ట్రౌట్ కాని మంచినీటి చేపల్ని గాలంతో పట్టడాన్ని "కోర్స్ ఫిషింగ్" అంటారు. అక్కడ కార్ప్ పట్టేవాళ్లు పది పదిహేను కిలోల చేప కోసం రాత్రంతా చెరువు గట్టున గుడారం వేసుకుని కాపు కాస్తారు. చేప తగిలితే కూత పెట్టే అలారాలు, మూడేసి రాడ్లు నిలిపే స్టాండ్లు అందుకోసం పుట్టినవే. ఐదో తరగతి పిల్లవాడికి వాటితో పని లేదు.

మన దగ్గరా కార్ప్ జాతి చేపలకు కొదవ లేదు. మనం బొచ్చె అనే కట్ల, శీలావతి అనే రోహు, మోసు అనే మృగాల, ఈ మూడూ కార్ప్ కుటుంబానివే. బంగారుతీగ అయితే అసలు పేరులోనే "కామన్ కార్ప్". కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి వైపు కనుచూపు మేర కనిపించే చెరువుల్లో ఎక్కువగా పెంచేది బొచ్చె, శీలావతులనే. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి బృందం హార్మోను ఇంజెక్షన్‌తో ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించగలిగింది. అంతకుముందు చేపపిల్లల కోసం నదుల్లో వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ తర్వాతే ఇంత పెద్ద ఎత్తున చెరువుల పెంపకం సాధ్యమైంది. అందుకే జూలై 10ని మన దేశంలో జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. అదే ఏడాది డిసెంబరులో ప్రకాశం బ్యారేజీ ప్రారంభమైంది.

అయితే కాలువలోనో ఊరి చెరువులోనో కొత్తగా గాలం వేసే పిల్లలకు మొదట తగిలేవి ఈ పెద్ద చేపలు కావు. వేలెడు, బెత్తెడు ఉండే పరిగెలు, తిలాపియాలు, చిన్న జెల్లలు తగులుతాయి. మొదటి గాలం వాటికి సరిపోయేలా ఉండాలి. ఐదు కిలోల బొచ్చె కోసం కొన్న లావు గాలంతో పరిగెను పట్టలేం. గంటకు ఒక్క పరిగె అయినా పడకపోతే పిల్లలు కుదురుగా కూర్చోరు.

కర్రా? రీలు ఉన్న రాడ్డా?

పన్నెండేళ్ల లోపు పిల్లలకు మా సలహా కర్రే. రీలు వద్దు.

రీలు ఉన్న రాడ్డుతో దారాన్ని దూరంగా విసరాలి. అలా విసిరేటప్పుడు కొక్కెం వెనక్కి వెళ్లి, అంతే వేగంతో ముందుకు వస్తుంది. చేయి తిరగని పిల్లలు విసిరితే అది వెనక నిలబడ్డ తమ్ముడి చెవికో, చెట్టు కొమ్మకో తగులుకుంటుంది. దారం చిక్కుపడుతుంది. పూటంతా చిక్కులు తీయడంతోనే సరిపోతుంది. కర్రతో ఆ బాధ లేదు. దారం కర్ర చివర కట్టి ఉంటుంది. ఊపి నీళ్లలో దించడమే. పైగా మన కాలువల్లో, చెరువుల్లో చిన్న చేపలు గట్టు పక్కన, తూటికాడ, గుర్రపుడెక్క అంచున, నీడలోనే తిరుగుతాయి. వాటి కోసం దూరం విసరాల్సిన పని లేదు.

కర్రలో రెండు రకాలు. ఒకటి సన్నటి ఎండు వెదురు. రెండోది ఒకదాంట్లోకి ఒకటి దూరే గొట్టాలతో, మూసేస్తే మూరెడు అయ్యే ఫైబర్ గ్లాస్ టెలిస్కోపిక్ కర్ర. కారులో తీసుకెళ్లడానికి రెండోది సుఖం. ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లలకు 8 నుంచి 10 అడుగులు, అంతకన్నా పెద్దవాళ్లకు 12 అడుగుల కర్ర చాలు. కొట్లోనే పిల్లల చేతికిచ్చి, పూర్తిగా తెరిచి, ఒంటి చేత్తో రెండు నిమిషాలు పట్టుకోమనండి. చేయి వణికితే అది పొడవెక్కువ. బట్టల సంగతిలా "పెద్దయ్యాక సరిపోతుందిలే" అని కొనకండి.

కార్బన్ కర్రలు తేలిగ్గా ఉంటాయి గాని వాటి జోలికి పోవద్దు. కార్బన్ కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది. మన డెల్టాలో కాలువ గట్ల వెంట, పొలాల మీదుగా కరెంటు తీగలు లేని చోటు తక్కువ. పన్నెండడుగుల కర్రను పైకెత్తిన పిల్లవాడి చెయ్యి అంత ఎత్తుకు చేరినట్టే లెక్క. తడిసిన వెదురు, తడిసిన ఫైబర్ గ్లాస్ కూడా నమ్మదగ్గవి కావు. కాబట్టి కర్ర ఏదైనా సరే, తీగలకు కనీసం 30 మీటర్ల దూరంలోనే కూర్చోవాలి. గట్టు మీద నడిచేటప్పుడు కర్ర మూసే ఉండాలి.

పన్నెండు దాటి, కర్రతో ఒక ఏడాది గడిపి, ఇంకా ఇష్టం ఉందనుకుంటే అప్పుడు రీలు గురించి ఆలోచించండి. 7 అడుగుల ఫైబర్ గ్లాస్ రాడ్డు, 2500 సైజు స్పిన్నింగ్ రీలు మొదటి సెట్టుకు సరిపోతాయి. రీలు మీద "డ్రాగ్" అనే మర ఉంటుంది. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెం వదిలేది అదే. దారం బలంలో నాలుగో వంతు లాగుడుకు అది జారేలా బిగించాలి. నాలుగు కిలోల దారమైతే కిలో బరువు లాగితే జారాలన్న మాట. ఇంట్లో కాయగూరలు తూచే కొక్కెం త్రాసుతో దీన్ని సరిచూడొచ్చు. మొదటి సెట్టుకు రెండు వేల రూపాయలు దాటనివ్వకండి.

దారం: ఎక్కడ తెగాలో ముందే నిర్ణయించాలి

నైలాన్ మోనోఫిలమెంట్ దారం ఒక చిన్న చుట్ట తీసుకోండి. చుట్ట మీద మందం మిల్లీమీటర్లలో, బలం కిలోల్లో రాసి ఉంటుంది. 0.25 మి.మీ. దారం సుమారు నాలుగైదు కిలోలు ఆపుతుంది. కర్రకు అది చాలు. దారం పొడవు కర్ర పొడవుకు సమానంగా గాని, ఒక అడుగు తక్కువగా గాని ఉంటే చేప నేరుగా చేతికి వస్తుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసే సంగతి ఒకటుంది. కొక్కేన్ని ఈ దారానికే నేరుగా కట్టకూడదు. 0.18 మి.మీ. లాంటి సన్న దారం ఒక అడుగు ముక్క తీసుకుని, కొక్కేన్ని దానికి కట్టి, దాన్ని అసలు దారానికి కలపాలి. ఎందుకంటే, ఎప్పుడో ఒకసారి మన కర్ర ఆపలేని చేప తగులుతుంది, లేదా కొక్కెం నీళ్లలో మొద్దుకు పట్టుకుంటుంది. అప్పుడు దారం ఎక్కడో ఒక చోట తెగక తప్పదు. సన్న ముక్క ఉంటే అక్కడే తెగుతుంది. చేప ఒక్క కొక్కెంతో పోతుంది. కొన్నాళ్లకు దాన్ని వదిలించుకునే అవకాశం ఉంటుంది. సన్న ముక్క లేకపోతే పైనెక్కడో తెగి, బెండు, బరువు, పది అడుగుల దారం ఈడ్చుకుంటూ చేప తిరుగుతుంది. చివరికి నాచులో చిక్కుకుని చస్తుంది.

ముడి కూడా ఇంట్లోనే నేర్పండి. దారం కొసను కొక్కెం కన్నంలోంచి దూర్చండి. ఆ కొసను అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పండి. కన్నం దగ్గర ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి కొసను వెనక్కి తీయండి. ఉమ్మితో గాని నీళ్లతో గాని తడిపి, మెల్లగా బిగించండి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది. మొదట లావుపాటి తాడుతో, చీపురు కర్రకు కట్టి పదిసార్లు చేయిస్తే పిల్లలకు చేయి తిరుగుతుంది.

కొక్కెం: అంకె పెరిగితే సైజు తగ్గుతుంది

కొక్కెం కొనేటప్పుడు చాలామంది తికమకపడేది దాని నంబరు దగ్గర. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. 14వ నంబరు చిన్నది, 6వ నంబరు పెద్దది. పరిగెలకు 12 లేదా 14, తిలాపియాకు, చిన్న బంగారుతీగకు 8 లేదా 10 తీసుకోండి. రెండు సైజుల్లో పదేసి కొక్కేలు ఒక సీజనంతా వస్తాయి.

కొక్కెం మొన పక్కన వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. చేప జారిపోకుండా ఆపేది అదే. పిల్లల వేలికి గుచ్చుకుంటే బయటికి రాకుండా అడ్డుపడేది కూడా అదే. సన్న మూతి పట్టకారుతో ఆ ముల్లును నొక్కి చదును చేసేయండి. దారం వదులు కాకుండా పట్టుకుంటే చేపలు పెద్దగా జారిపోవు. వేలికి గుచ్చుకున్నా వచ్చిన దారిలోనే తేలిగ్గా బయటికి వస్తుంది. ముల్లు నొక్కని కొక్కెం లోతుగా దిగితే మాత్రం ఇంట్లో లాగే ప్రయత్నం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కంటి దగ్గరైతే ముట్టుకోనే వద్దు. టోపీ, కళ్లద్దాలు అందుకే తప్పనిసరి.

బెండు, బరువు: బకెట్లో ఒక పాఠం

నీటి మీద తేలుతూ చేప కొరికిన సంగతి చెప్పేది బెండు. మన పల్లెల్లో జీలుగ బెండు ముక్కతో చేసుకునేవారు. పెళ్లిళ్లలో బాసికాలు కట్టే తెల్లటి, తేలికైన బెండు లాంటిదే అది. ఇప్పుడు ప్లాస్టిక్‌వి, థర్మాకోల్‌వి దొరుకుతున్నాయి. సన్నగా, నిలువుగా తేలేది కొనండి. గుండ్రటి పెద్ద బెండును కిందికి లాగడానికి చేప ఎక్కువ బలం పెట్టాలి. ఆ బరువు తెలియగానే అది ఎరను వదిలేస్తుంది.

బెండును నిలువుగా నిలపడానికి దారానికి చిన్న బరువు కావాలి. కొట్లలో దొరికేది సీసం. సీసపు గుండును పళ్లతో కొరికి దారానికి బిగించడం చాలామందికి అలవాటు. పిల్లల్ని ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయనివ్వకండి. సీసం విషం. ఎదిగే వయసులో మెదడుకు చేటు చేస్తుంది. నీళ్లలో రాలిన సీసపు గుళ్లు మింగి హంసలు చనిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే గాలాలకు వాడే చిన్న సీసపు బరువుల్ని నిషేధించారు. కొల్లేటికి వేల పక్షులు వచ్చే మన ప్రాంతంలో అది ఇంకా ఎక్కువగా ఆలోచించాల్సిన విషయం. ఇనుప సామాన్ల కొట్లో దొరికే చిన్న చిన్న నట్లు దారానికి ఎక్కించి ముడి వేస్తే అదే పని చేస్తాయి.

ఎంత బరువు కావాలో బకెట్లో నీళ్లు పోసి ఇంట్లోనే తేల్చుకోండి. ఒక్కో నట్టు కలుపుతూ పోతే బెండు కొంచెం కొంచెం మునుగుతుంది. చివర ఒక వేలి వెడల్పు మాత్రమే నీటి పైన కనిపించే దగ్గర ఆపండి. బెండు ఎంత నీటిని పక్కకు నెడుతోందో అంత బరువు మోస్తోందని అప్పుడు మీ పాపకు చెప్పొచ్చు. తేలడం గురించి సైన్సు పుస్తకంలో ఉన్న పాఠం ఆ బకెట్లో కనిపిస్తుంది.

తర్వాతది లోతు. కొక్కేనికి ఒక బరువైన నట్టు తగిలించి నీళ్లలో దించండి. బెండు మునిగిపోతే దాన్ని దారం మీద పైకి జరపండి. పడుకుంటే కిందికి జరపండి. మొన మాత్రమే కనిపించే చోట ఆగితే బెండు నుంచి కొక్కెం దాకా ఉన్న దూరమే అక్కడి లోతు. ఇది తెలియడం ముఖ్యం, ఎందుకంటే ఒక్కో చేప ఒక్కో అంతస్తులో మేస్తుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీటిలో మేస్తుంది. శీలావతిది మధ్య అంతస్తు. మోసు, బంగారుతీగల నోరు కిందికి ఉంటుంది, అడుగున మట్టిలో వెతుక్కుంటాయి. ఒకే చెరువులో మూడు జాతుల్ని కలిపి పెంచడానికి కారణం కూడా ఇదే. ఒకదాని తిండికి ఇంకొకటి పోటీ రాదు. చేపల మార్కెట్‌కు వెళ్లినప్పుడు పిల్లలకు ఆ నోళ్లు చూపించండి. ఏ లోతులో గాలం వేయాలో వాళ్లే చెబుతారు.

ఎర: వంటింట్లోనే ఉంది

డబ్బాల్లో వచ్చే రంగు రంగుల ఎరలు కొనకండి. గోధుమ పిండి ముద్ద, బ్రెడ్ ముక్క పరిగెలకు, తిలాపియాకు చాలు. పిండిని చపాతీ పిండి కన్నా కొంచెం గట్టిగా కలిపి, బఠాణీ గింజంత ఉండ కొక్కెం మొన కప్పేలా పెట్టాలి. తవుడు, వేరుశనగ చెక్క పొడి కలిపితే కార్ప్ జాతి చేపలకు ఇంకా ఇష్టం. చెరువుల్లో వాటికి మేతగా వేసేవీ అవే. జెల్లలకు ఎర్రలు కావాలి. పెరటి మట్టిలో పేడ వేసిన చోట తవ్వితే దొరుకుతాయి.

ఒక జాగ్రత్త. జెల్ల, ఇంగిలాయి లాంటి మీసాల చేపలకు వీపు మీద, రెండు పక్కలా గట్టి ముళ్లుంటాయి. గుచ్చుకుంటే భరించలేని నొప్పి. ఈ చేప పడితే కొక్కెం పెద్దవాళ్లే తీయాలి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటు ముంచి ఉంచి, డాక్టరుకు చూపించి టెటనస్ సంగతి అడగండి.

అన్నిటికన్నా ఖరీదైనది ఇదే కావాలి

గాలం సెట్టు మొత్తం మీద మీరు ఎక్కువ డబ్బు పెట్టాల్సింది కర్ర మీద కాదు, లైఫ్ జాకెట్ మీద. మీ అబ్బాయికి ఈత వచ్చినా సరే. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఈత వేరు, బట్టలతో, చెప్పులతో, ప్రవాహంలో పడినప్పటి పరిస్థితి వేరు. కాలువ గట్లకు రాతి కట్టడమో సిమెంటు లైనింగో ఉన్న చోట నాచు పట్టి జారుతుంది. పడినవాళ్లు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

జాకెట్ మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది. 50 అని ఉన్నది ఈత వచ్చినవాళ్లకు తోడుగా ఉండేది మాత్రమే. పిల్లలకు 100 న్యూటన్లది, మెడ వెనక కాలరు, కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఉన్నది తీసుకోండి. కాళ్ల పట్టీ లేకపోతే నీళ్లలో పడగానే జాకెట్ తల మీదుగా పైకి జారిపోతుంది. పిల్లల బరువుకు తగ్గ సైజు కొనండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది పెద్దది.

దీనికి తోడు కొన్ని నియమాలు. ఇద్దరు పిల్లలకు ఒక పెద్దవాళ్లు ఉండాలి, ఆ పెద్దవాళ్ల చేతిలో ఫోను ఉండకూడదు. పదిహేను మీటర్ల తాడు కట్టిన ఖాళీ రెండు లీటర్ల సీసా దగ్గర పెట్టుకోవాలి. ఎవరైనా నీళ్లలో పడితే వెనకే దూకకూడదు. సీసా విసరాలి, కర్ర అందించాలి, కేకలు వేయాలి, 112కు ఫోన్ చేయాలి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు మునిగిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

ఎక్కడ వేయాలి, ఎక్కడ వద్దు

ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర, కాలువల హెడ్ రెగ్యులేటర్ల దగ్గర, స్నాన ఘట్టాల దగ్గర పిల్లలతో వద్దు. చేపలు అక్కడ ఎక్కువ ఉంటాయన్నది నిజమే. కానీ గేటు ఎప్పుడు ఎత్తుతారో మనకు తెలియదు. బ్యారేజీ వద్ద వరద 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది ఇస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. ఆ రోజులు విజయవాడలో ఎవరూ మరచిపోలేరు. వర్షాకాలంలో నది వైపు అసలు పోవద్దు.

బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో నగరం లోపలి భాగం కూడా మంచి చోటు కాదు. నీళ్లు వేగంగా పోతాయి, మురుగు కలుస్తుంది. అక్కడ పట్టిన చేప తినదగ్గది కాదు.

పిల్లల మొదటి గాలానికి సరైన చోటు, మీ బంధువులు ఉన్న ఊరిలో, గట్టు వాలు తక్కువగా ఉండి, ఒడ్డున నీళ్లు మోకాలి లోతు దాటని చిన్న చెరువు. అయితే ఏ చెరువూ ఊరికే ఉండదు. పంచాయతీ చెరువుల్ని పాటకు ఇస్తారు. ఎవరో మత్స్యకారులో, సంఘమో డబ్బు కట్టి, పిల్లల్ని వదిలి, మేత వేసి పెంచుతారు. ఆ చెరువులో శీలావతి వాళ్ల ఏడాది కష్టం. "ఒక్కటే కదా" అని అడక్కుండా పట్టడం దొంగతనమే. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, పాటదారుణ్ణి మీరే మర్యాదగా అడగండి. పరిగెలు, తిలాపియాలు పట్టుకుంటాం, పెద్దవి పడితే వదిలేస్తాం అని చెప్పండి. అలా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, ఏ మూలన చేపలు ఉంటాయో కూడా చెబుతారు. ఆ అడగడాన్ని పిల్లలు చూడటం గాలం వేయడం కన్నా ముఖ్యం.

కొల్లేరు సంగతి వేరు. అది 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అక్కడికి గాలంతో వెళ్లకండి. ఆటపాకలో పెలికాన్లను చూడటానికి బైనాక్యులర్‌తో వెళ్లండి. తెగిన నైలాన్ దారం పక్షుల కాళ్లకు, రెక్కలకు చుట్టుకుంటే ఏమవుతుందో ఊహించగల వయసు పిల్లలకు అక్కడే చెప్పండి. గాలం వేసిన ప్రతిసారీ తెగిన దారం ముక్కలన్నీ ఒక డబ్బాలో వేసి ఇంటికి తేవాలి.

మందు పెట్టి గాని, బాంబులు వేసి గాని చేపల్ని చంపడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరం. ఎక్కడైనా అలాంటిది కనిపిస్తే ఆ నీళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి.

తినాలా, వదలాలా?

ఇది ఒక్కో ఇంటి ఆచారం. మాంసాహారం తినే ఇళ్లలో, శుభ్రమైన చెరువులో పట్టిన నాలుగు తిలాపియాలు వేయించుకు తినడంలో తప్పు లేదు. పళ్లెంలోకి వచ్చే చేప ఒక ప్రాణి అని పిల్లలకు తెలియడం మంచిదే. తినేటన్ని మాత్రమే ఉంచుకుని, మిగతావి వదలాలి. శాకాహారుల ఇళ్లలో, జీవహింస ఇష్టం లేనివాళ్లు గాలమే వద్దనుకుంటే ఆ మాట పిల్లలకు కారణంతో చెప్పండి. చేపల్ని చూడటం, లోతులు కొలవడం, పక్షుల్ని లెక్కపెట్టడం కూడా అదే గట్టున చేయొచ్చు.

వదిలేటప్పుడు చేతులు తడుపుకుని పట్టుకోవాలి. పొడి చేయి తగిలితే చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. దాన్ని వ్యాధుల నుంచి కాపాడేది ఆ పొరే. ఫొటో కోసం నిమిషాల తరబడి పైకెత్తకూడదు. నీళ్లలో మెల్లగా పట్టుకుని, తనంతట తాను ఈదుకుపోయే దాకా ఆగాలి. విసిరేయకూడదు. ఇంటి అక్వేరియంలో చేపల్ని మాత్రం ఎప్పుడూ కాలువలో వదలకండి. ఒళ్లంతా గట్టి పెంకుతో ఉండే సక్కర్ చేప అలా వదిలేయడం వల్లే మన నీళ్లలోకి పాకింది.

కొనాల్సినవి, ఒక్కచోట

• 8 నుంచి 12 అడుగుల వెదురు లేదా ఫైబర్ గ్లాస్ కర్ర, ఒకటి
• 0.25 మి.మీ. నైలాన్ దారం, కొక్కెం ముక్కలకు 0.18 మి.మీ. దారం, ఒక్కో చుట్ట
• కొక్కేలు: 10, 14 నంబర్లు, పదేసి, ముల్లు నొక్కినవి
• సన్నటి బెండ్లు మూడు, చిన్న ఇనుప నట్లు గుప్పెడు
• సన్న మూతి పట్టకారు, చిన్న కత్తెర, తెగిన దారానికి మూత ఉన్న డబ్బా
• బకెట్టు, చిన్న చేతి వల
• టోపీ, కళ్లద్దాలు, పట్టు ఉన్న బూట్లు
• 100 న్యూటన్ల లైఫ్ జాకెట్, తాడు కట్టిన సీసా

ఇప్పటికి కొనక్కర్లేనివి: అలారాలు, రాడ్ స్టాండ్లు, యాభై రకాల ప్లాస్టిక్ చేపలున్న పెట్టె, కార్బన్ రాడ్డు, "ప్రొఫెషనల్" అని రాసి ఉన్న ఏదైనా.

గాలం వేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. హెన్రీ సల్లివన్ థామస్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి 1873లోనే మన దేశంలో గాలంతో చేపలు పట్టడం మీద ఒక పుస్తకం ప్రచురించి, తర్వాత చెరువుల్లో గాలం వేయడం మీదే విడిగా ఇంకొకటి రాశారు. అంతకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు మీ ఊరి గట్టు మీదే ఉన్నారు. ఈ సెలవుల్లో కర్ర కొనేముందు పిల్లల్ని ఆ తాతయ్య దగ్గర ఒక పూట కూర్చోబెట్టండి. మీరూ పక్కనే కూర్చోండి. రెండు గంటలు బెండు వైపు చూస్తూ ఓపికగా కూర్చోగలిగితే గాలం కొనొచ్చు. అరగంటలో లేచి వెళ్లిపోతే ఆ డబ్బులు మిగిలినట్టే. లైఫ్ జాకెట్ మాత్రం ఎలాగూ కొనండి. డెల్టాలో పెరిగే పిల్లలకు నీళ్ల దగ్గరికి వెళ్లే రోజులు ఇంకా చాలా వస్తాయి.